సంస్థల్లో నిపుణ జ్ఞాన నష్టం: అంచనా పట్టికలో లేని గడి

2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ నంబరు క్రస్టు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. 33 గేట్లలో పోయింది ఒక్కటే. అయినా కొత్త గేటు పెట్టాలంటే నిండిన రిజర్వాయరును సగం దాకా ఖాళీ చేయాల్సి వస్తుందేమోనన్న మాట వినగానే ఆయకట్టు రైతుల గుండెల్లో రాయి పడింది. ఇంజనీర్లు ఎందరో ఉన్నా, కబురు వెళ్లింది మాత్రం ఏనాడో రిటైరై, ఎనభై ఏళ్ల దరిదాపుల్లో ఉన్న గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడికి. ఆయన పర్యవేక్షణలో, నీళ్లు దూకుతుండగానే స్టాప్‌లాగ్ పలకలు ఒకదానిమీద ఒకటి దించారు. ఆగస్టు 17 నాటికి ప్రవాహం ఆగింది. సెప్టెంబరు వరదల్లో పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను ఢీకొట్టినప్పుడు కూడా ఆయన్నే పిలిచారు.

దీన్ని అందరూ విజయగాథగా చెప్పుకున్నారు. విజయమే, కాదనను. కానీ ఒక వ్యవస్థ తనకు ప్రాణావసరమైన విద్యను తన జీతాల పట్టీ బయట వెతుక్కోవాల్సి వచ్చిందంటే, ముందుచూపు లెక్క ఎక్కడో తప్పిందనే అర్థం. ఆ లెక్కను పరిశీలించడమే ఈ వ్యాసం పని.

ఎవరితో ఏ విద్య పోతుందన్న అంచనాకు ప్రసిద్ధమైన పద్ధతి అమెరికాలోని ప్రభుత్వ విద్యుత్ సంస్థ టెనెసీ వ్యాలీ అథారిటీది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2006లో జ్ఞాన నష్టంపై వెలువరించిన పుస్తకం కూడా దీన్నే ఆధారం చేసుకుంది. పద్ధతి సులువు. ఉద్యోగి ఎంత త్వరగా రిటైరవుతాడన్న దానికి 1 నుంచి 5 మార్కులు. ఆ స్థానంలో ఉన్న విద్య ఎంత కీలకం, మరొకరిని తయారుచేయడానికి ఎన్నాళ్లు పడుతుందన్న దానికి మళ్లీ 1 నుంచి 5. రెండూ గుణిస్తే గరిష్ఠం 25. ఇరవై, ఆపైన వస్తే వెంటనే కదలాలి, పది లోపైతే తొందర లేదు.

మన ఆఫీసుల్లో ‘చార్జి అప్పగింత’ చూసినవారికి ఈ పద్ధతి ఎంత మెరుగో తెలుస్తుంది. మన చార్జి లిస్టులో బీరువా తాళాలుంటాయి, స్టాకు రిజిస్టర్లుంటాయి, విరిగిన కుర్చీకి కూడా ఒక నంబరుంటుంది. ఏ మోటారు ఏ చప్పుడు చేస్తే ఆపేయాలో ఉండదు. పోయేవారిని అడిగినా “చెప్పడానికేముందండీ, రోజూ చేసేదేగా” అంటారు. అది వినయమూ కాదు, దాపరికమూ కాదు. చేతికి అలవాటైన పని నోటికి అందదు.

అయితే ఈ గుణకారానికి ఒక గుడ్డిచోటు ఉంది. దాన్ని బయటపెట్టే ఉదాహరణ టెనెసీ వ్యాలీ అథారిటీ ప్రధాన కార్యాలయమున్న నాక్స్‌విల్‌కు నలభై కిలోమీటర్ల దూరంలోనే దొరకడం విచిత్రం. ఓక్ రిడ్జ్‌లోని వై-12 కర్మాగారంలో డబ్ల్యూ-76 అణ్వస్త్రానికి ‘ఫాగ్‌బ్యాంక్’ అనే రహస్య పదార్థం తయారుచేసేవారు. 1989లో ఉత్పత్తి ఆగింది. 2000లో ఆ అస్త్రాల ఆయుష్షు పెంచాలని నిర్ణయించేసరికి తయారీ రికార్డులు అంతంత మాత్రం, తెలిసినవారిలో దాదాపు అందరూ వెళ్లిపోయారు. పని కనీసం ఏడాది ఆలస్యమైందని, 6.9 కోట్ల డాలర్లు అదనంగా ఖర్చయ్యాయని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2009లో తేల్చింది. అసలు చిక్కు తరువాత తెలిసింది. పాత ముడిసరుకులో ఉండిన ఒక మలినమే పదార్థానికి కావలసిన గుణాన్ని ఇచ్చేదట. కొత్త శుద్ధి విధానం దాన్ని చక్కగా కడిగేసింది! ఆ సంగతి పాతవారికీ తెలియదు.

ఇప్పుడు 1990లో ఒక ఫాగ్‌బ్యాంక్ పనివాడికి మార్కులు వేద్దాం. రేపో మాపో రిటైరవుతాడు కాబట్టి మొదటి గడిలో 5. ఉత్పత్తే లేదు కనుక రెండో గడిలో ఒకటో రెండో. మొత్తం పదికి మించదు. వెంటనే కదలాల్సిన పని లేదన్నమాట. ఇక రిటైరైపోయిన గేట్ల నిపుణుడికైతే పట్టికలో వరుసే ఉండదు.

అంటే ఈ పద్ధతి నేటి పనిని బట్టి విద్యకు విలువ కడుతోంది. యాభై ఏళ్లకోసారి అవసరపడే విద్య ప్రతి ఏడాదీ తక్కువ మార్కులతో గట్టెక్కి, చివరికి ఎవరూ గమనించకుండా మాయమవుతుంది. డ్యాం గేట్లు తయారుచేసిన తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్ కూడా ఆ హోస్పేటలోనే 1960లో పుట్టింది. నష్టాల్లో పడిన ఆ సంస్థ మూసివేతకు 2015లో కేంద్రం ఆమోదం తెలిపింది. ఏ బ్యాలెన్స్ షీటులోనూ చేతి విద్యకు పద్దు ఉండదు.

కాబట్టి మూడో గుణకం కావాలన్నది నా ప్రతిపాదన: ఈ పనిని చివరిసారి ఎప్పుడు చేశారు, అప్పుడు చేతులు పెట్టినవారిలో ఎందరు మిగిలారు? విరామం పెరిగేకొద్దీ మార్కులు పెరగాలి. విరామాన్నే పెరగనివ్వకపోవడం ఇంకో ఉపాయం: జపాన్‌లో ఇసే ఆలయాన్ని ఇరవై ఏళ్లకోసారి కొత్తగా కడతారు, చివరిసారి 2013లో కట్టారు. కుర్రవాడిగా చేరిన వడ్రంగి తరువాతి విడతలో పని నేర్పేవాడవుతాడు. ఫాగ్‌బ్యాంక్ లాంటి చోట్ల ఇంటర్వ్యూలతో లాభం లేదు, తెలియనిదాన్ని ఎవరూ చెప్పలేరు. అక్కడ పాత నమూనాలు దాచడం, అప్పుడప్పుడు కొద్ది మోతాదులో తయారుచేసి చూడడం తప్ప దారి లేదు.

మీ సంస్థలో ఇలాంటి పట్టిక ఉంటే, రిటైరైన ఎవరెవరికి గత ఏడాది ఎన్నిసార్లు ఫోన్ చేశారో రాయడానికి దాంట్లో ఒక గడి చేర్చండి.