వంత లేని గొంతు

1986లో బడిపంతులుగా చేరిన మొదటి వారంలోనే నా గొంతు పోయింది. తరగతిలో డెబ్బై మంది పిల్లలు, పైన రేకులు. వాన పడితే నా మాట నాకే వినపడేది కాదు. అరిచి అరిచి ఆరో రోజుకు నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు.

ఆ ఆదివారం వేములవాడ పక్కన మా మేనమామ ఇంట్లో మల్లన్న పట్నాలు. గొర్లున్న ఇల్లు, ఒగ్గుకథ చెప్పిస్తామని మొక్కుకున్నారు. పొద్దుగూకినంక ఎత్తుకున్న కథ కోడి కూసేదాకా నడిచింది. చెప్పినాయనకు అరవై దాటి ఉంటాయి. మైకు లేదు, వాకిట్లో రెండు గ్యాస్‌లైట్లు మాత్రం ఉన్నాయి. తెల్లారి చాయ్ తాగుతూ ఆయన మాట్లాడుతుంటే గొంతులో ఎక్కడా జీర లేదు.

పక్కన కూర్చుని సగం సైగలతో, సగం గుసగుసగా అడిగాను. ఆయన అరచెయ్యి నా బొడ్డు మీద పెట్టాడు.

"సారూ, మాట ఈడికెల్లి లెవ్వాలె. గొంతు ఉత్త తొవ్వనే." కొంచెం ఆగి, "గోడకానుకొని కూసున్న ముసలవ్వకు చెప్పు. ముంగటోళ్లు ఎట్లయినా ఇంటరు" అన్నాడు.

ముప్పై ఏండ్లు ఆ రెండు మాటల మీదే పాఠాలు చెప్పాను. ఆయన నోటితో చెప్పకుండా రాత్రంతా చేసి చూపిన మూడో సంగతి నాకు తలకెక్కడానికి చాలా కాలం పట్టింది.

ఒగ్గు అంటే శివుడి చేతిలోని ఢమరుకం. అది పట్టుకుని మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పేవాళ్లు ఒగ్గువాళ్లు. కురుమలు, గొల్లలే ఎక్కువ. కొమురవెల్లి, ఐలోని, మా దిక్కు ఓదెల, మల్లన్న గుడి ఉన్నచోటల్లా వాళ్లుంటారు. ముందు ఇది పూజ, ఆ తర్వాతే కథ. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, పచ్చని ఆకుపొడితో నేల మీద పట్నం వేస్తారు. మేడలమ్మ, కేతమ్మలతో మల్లన్న లగ్గం చేస్తారు. బండారి పసుపు నుదుటికి పెట్టుకుని కూర్చున్న వాళ్లంతా ఆ లగ్గానికి వచ్చిన చుట్టాలే. పూజ ముగిసి పట్నం తొక్కేదాకా దాని మీద ఎవరి కాలూ పడరాదు. కథకుడి అడుగు అంత కొలతగా పడటానికి అదీ ఒక కారణమని నా నమ్మకం. తరతరాలు ముగ్గు అంచున నడిచిన కాళ్లవి.

ఆ రాత్రి చూసిందాంట్లో ఒక్క ఘట్టం చెబుతాను. కథకుడి భుజం మీద ఒక సెల్ల, అంటే పైగుడ్డ, ఉంది. దాన్ని తలకు చుడితే రాజు. విప్పి భుజాన వేస్తే గొర్లకాపరి. తల మీదుగా ముసుగు లాగితే ఆడబిడ్డ, అప్పుడు నడుము కాస్త వంగేది, అడుగు సగానికి తగ్గేది. పసి బీరప్ప ఘట్టం రాగానే అదే సెల్లను మడిచి చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పటిదాకా దంచిన డోలు వేలికొనల మీదికి దిగింది. ఆయన ఏమీ చెప్పలేదు, ఊరికే ఊపుతున్నాడు. పక్కన నిలబడి మాటకు మాట కలిపే వంతాయన మెల్లగా అడిగాడు: "పిల్లగాడు ఏడుస్తలేడాయె?" జవాబు లేదు. మళ్లీ అడిగాడు. అప్పుడు ఆయన తలెత్తి మమ్మల్నందరినీ ఒకసారి కలియజూశాడు. నా పక్కనున్న మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. మడిచిన గుడ్డలో ఏమీ లేదని ఆమెకు తెలియదా?

నాకు ఆలస్యంగా తెలిసిన మూడో సంగతి ఆ వంతాయనే. కథకుడు ఒక మాట అంటాడు, వంత "ఆఁ" అంటాడు, "గట్లనా" అంటాడు, ఎదురు ప్రశ్న వేస్తాడు, పాట చివరి మాట అందుకుంటాడు. అంతసేపు కథకుడు ఊపిరి తీసుకుంటాడు. రాత్రంతా గొంతు నిలవడం వెనుక ఉన్న పనితనం అదే. శరీరానికీ అదే ఆసరా. వంత వైపు తిరిగితే సంభాషణ, జనం వైపు తిరిగితే కథ. చూపు ఎటు పోవాలో, చెయ్యి ఎప్పుడు లేవాలో ఆ ఇద్దరి మధ్యనే తేలిపోతుంది. ఒంటరిగా నిలబడి మాట్లాడేవాడికి చేతులు బరువెందుకవుతాయో నాకప్పుడు అర్థమైంది.

ఈ పని మా జిల్లాలో చాలామందికి తెలుసు. హన్మాజీపేట మిద్దె రాములు పేరు చెప్పకుండా ఎవరూ ఒగ్గుకథ మాటెత్తరు. ఆ ఊరు ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది, 2016 దాకా కరీంనగరే. 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల్లో ఆయన కథ చెప్పారు. అక్కడి తెలుగు కుటుంబాల ఇండ్లల్లో ఎక్కువగా వినిపించేది క్రియోల్. మన వేములవాడ మాట వాళ్లకెంత అందుతుంది? అడుగు, చూపు, డోలు, సెల్ల, ఇవే సగం కథను మోసి ఉంటాయి. 2010లో రాములు పోయారు.

ఉట్నూరు వైపు నేను రెండేండ్లు పనిచేశాను, అక్కడ కథ చెప్పే ఇంకో తీరు చూశాను. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర. అక్కడ మెస్రం వంశపు గోండుల గాథలు పాడేది ప్రధాన్లు. 1940ల తొలినాళ్లలో మార్లవాయిలో ఉండి గోండుల మీద పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కూడా ఈ గాయకులను శ్రద్ధగా పట్టించుకున్నాడు. ఒగ్గు చూసిన కండ్లతో చూస్తే ప్రధాన్ కదలడే అనిపిస్తుంది. కూర్చుంటాడు, కిక్రీ అనే తీగవాద్యాన్ని ఛాతీకి ఆనించుకుంటాడు, కండ్లు సగం మూస్తాడు. చాలాసేపు విన్నాక గమనించాను. ఆయన వాక్యం ఆపినప్పుడల్లా కమాను అదే వాక్యాన్ని తంత్రుల మీద మళ్లీ అంటోంది. ఇక్కడ వంత మనిషి కాదు, తీగ. అందుకే ఆ దేహానికి కదలాల్సిన అవసరం రాలేదు.

మా మేనమామ ఊళ్లో కథకు మైకు పెట్టడం నేను మొదట చూసింది 1991లో. దూరంగా చింతచెట్టు కింద ఉన్నవాళ్లకు కూడా వినిపించిందని అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. మైకు ఒక్కటే కాబట్టి అది కథకుడికే పెట్టారు. ఆయన ఇనుప కడ్డీ ముందు పాతుకుపోయాడు. ముసుగు లాగడానికి చెయ్యి లేచింది కానీ, రెండడుగులు వెనక్కి వేస్తే మాట పోతుంది. వంతాయన "ఆఁ" అంటూనే ఉన్నాడు, చింతచెట్టు దాకా అది చేరలేదు. నడిరాత్రికే కథకుడి గొంతు బొంగురుపోయింది. గొంతు అలసట తీర్చాల్సిన పరికరం గొంతును ఒంటరిని చేసింది. ఇప్పుడు రెండు మూడు మైకులు పెడుతున్నారు. ఒగ్గుడోలు బృందాలు సర్కారీ వేడుకల్లో వరుసలు కట్టి ఆడుతుంటే చూడ్డానికి ఒళ్లు పులకరిస్తుంది. అయినా డోలు మిగిలి కథ తగ్గిపోవడం నాకు బాధే.

రిటైరయ్యాక కరీంనగర్‌లో ఉంటున్నాను. ఇంజనీరింగ్ చదివే పిల్లలు కొందరు శనివారాలు వస్తారు, కాలేజీలో ప్రజెంటేషన్ ఉందంటూ. వాళ్ల తెరా, బొమ్మలూ పక్కన పెట్టిస్తాను. వాకిలి ఈ చివర నిలబడి చెప్పమంటాను. ఆ చివర గోడకానుకొని మా ఇంటామె చాటలో బియ్యం ఏరుతుంటుంది. పిల్లవాడు తన ముక్క చెబుతాడు, ఆమె "ఆఁ" అనాలి. అనకపోతే అతను ఆగి, ఊపిరి తీసుకుని, ఆమె వైపు చూసి ఆ ముక్క మళ్లీ చెబుతాడు. పోయిన వారం ఒకమ్మాయి నీళ్ల గురించిన ఒక వాక్యం నాలుగుసార్లు చెప్పాల్సొచ్చింది. నాలుగోసారి మా ఇంటామె చాట దించి, "గట్లనా, మరి నీళ్లేమైనయ్?" అని అడిగింది. ఆ అమ్మాయి రెండడుగులు ముందుకొచ్చి, చేతిలోని కాగితాలు అరుగు మీద పెట్టేసి చెప్పడం మొదలుపెట్టింది.