బేవార్సు: ఆస్తి వ్యవహారం నుంచి తిట్టు దాకా

ఉపోద్ఘాతం

ఒక సమాజం దేనిని లోపంగా భావించిందో దాని తిట్లు చెబుతాయి. పనీపాటా లేక తిరిగేవాణ్ణి తెలుగువారు ‘బేవార్సు’ అంటారు. వినడానికి వీధి మాటలా తోచే ఈ పదం నిజానికి ఆస్తి వ్యవహారాలకు చెందినది. దాని అర్థ పరిణామాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పద నిర్మాణం

‘బే’ అనేది లేమిని తెలిపే పారసీ ఉపసర్గ. బేషరతు, బేఖాతరు, బేఇమాను వంటి మాటల్లోనూ ఇదే కనిపిస్తుంది. ‘వారిస్’ అరబ్బీ పదం. వారసుడు అని అర్థం. ‘బేవారిస్’ అంటే వారసుడు లేని అని. ఇది తెలుగులో ఉకారాంతమై బేవారిసు, బేవారసు అయింది. వాడుకలో ‘మనిషి’ ‘మన్షి’ అయినట్లే నడిమి హ్రస్వాచ్చు లోపించి ‘బేవార్సు’గా స్థిరపడింది.

వారసుడు, వారసురాలు, వారసత్వం అనే మాటలకూ మూలం ఈ ‘వారిస్’ పదమే. ‘మిరాసీ’లోని ‘మిరాసు’ కూడా అదే అరబ్బీ ధాతువు నుంచి పుట్టింది. ఆ మాటలన్నీ గౌరవంగా నిలవగా బేవార్సు ఒక్కటే తిట్టయింది.

వ్యవహారార్థం

వారసులు లేకుండా మరణించినవారి ఆస్తి ఎవరికి చెందాలన్నది ప్రతి రాజ్యానికీ ఎదురయ్యే ప్రశ్న. మద్రాసు ప్రభుత్వపు 1817 నాటి 7వ రెగ్యులేషన్ ధర్మాదాయాలతో పాటు ఇటువంటి ఆస్తుల సంరక్షణకూ నిబంధనలు చేసింది. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం, వారసులెవరూ లేనప్పుడు ఆస్తి ప్రభుత్వానికి సంక్రమిస్తుంది. ఈ సందర్భంలో బేవారసు అనడంలో నింద లేదు. అది ఆస్తి స్థితిని తెలిపే మాట మాత్రమే.

అర్థ పరిణామం

వారసులు లేని ఆస్తి నుంచి, అడిగేవారు లేని ఏ వస్తువుకైనా ఈ మాట వర్తించడం అర్థవ్యాకోచం. అక్కడి నుంచి అది మనిషికి అంటుకుంది. వస్తువు విషయంలో లేనిది హక్కుదారు. మనిషి విషయంలో లేనిది అయినవారు. అడిగేవారు లేనివాడు అదుపు లేనివాడనీ, అదుపు లేనివాడు పనికిరానివాడనీ లోకం అనుకుంది. వేదం తెలిసిన ఛాందసుడు చాదస్తపు మనిషైనట్లే ఇదీ అర్థగ్రామ్యతకు ఉదాహరణ. కన్నడంలో ‘బేవర్సి’ ఇంకా తీవ్రమైన తిట్టు.

తెలుగులోని వేరే మాటల్లోనూ ఇటువంటి మార్పు ఉంది. ‘దిక్కులేనివాడు’ అంటే జాలి. ‘దిక్కుమాలినవాడు’ అంటే ఈసడింపు. ఆసరా లేకపోవడమనే ఒకే స్థితి మొదటి మాటలో దురదృష్టంగా, రెండో మాటలో దోషంగా కనిపిస్తోంది. కనుక బేవార్సు తిట్టుగా మారడానికి కారణం దాని పరభాషా మూలం కాదు. మనిషిని అతని ఇంటిని బట్టి, వంశాన్ని బట్టి కొలిచే దృష్టి.

ముగింపు

చట్టం దృష్టిలో వారసులు లేకపోవడం చనిపోయినవారికి సంబంధించిన విషయం. వాడుకలో అది బతికున్న మనిషి తప్పయింది. నేడు ఈ మాటను స్నేహితులు పరిహాసానికీ వాడుకుంటున్నారు. మూలార్థం చాలామందికి స్ఫురించదు. అయినా నా అన్నవారు లేని మనిషికి విలువ లేదన్న పాత తీర్పు ఆ మూడక్షరాల్లో ఇంకా మిగిలే ఉంది.