వస్తువుల చరిత్ర – 11: చెక్క గుర్రం

మా పాపకి మూడేళ్లు నిండాయి. తోటి లెక్చరర్ ఇంట్లో ఊగే చెక్క గుర్రాన్ని చూసిన రోజు నుంచి ఒకటే పట్టు: "నాకూ గుర్రం." కొనకుండా నేనే చేద్దామనుకున్నాను. తెలిసిన వడ్రంగి అన్న కొట్టులో రెండు ఆదివారాలు కూర్చున్నాను.

మొదట పొణికి చెక్క అడిగాను. అన్న నవ్వాడు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకి వాడే ఆ చెక్క తేలిక, మెత్తన. చూసే బొమ్మకి సరిపోతుంది గానీ ఎక్కే బొమ్మకి సరిపోదు. వేప పలకలు తీసుకున్నాం. కాళ్లు నిటారుగా కాకుండా బయటికి వాలేట్టు బిగించాం. అసలు పనంతా కింద ఉండే రెండు వంపు బద్దల్లోనే ఉంది. వంపు తక్కువైతే గుర్రం ఊగదు, ఎక్కువైతే తిరగబడుతుంది. నేను కోసిన మొదటి జత పాడైంది. ఇసుక సంచి ఎక్కించి ఊపితే గుర్రం వెల్లకిలా పడింది. "వంపు తగ్గించు, వెనకవైపు జానెడు పొడుగు ఉంచు" అన్నాడు అన్న. రెండో జత నిలబడింది.

సంక్రాంతికి గుర్రాన్ని ఊరికి తీసుకెళ్లాం. పాప అరుగు మీద ఊగుతోంది. మా నాన్న కాసేపు మురిసిపోయి చూశాడు. తర్వాత మెల్లగా, "లోపల ఊగనియ్యిరా, అందరూ నడిచే దోవ గదా" అన్నాడు.

చెక్క గుర్రమే గదా నాన్నా అనబోయి ఆగిపోయాను. మా తాత ఊరి నడిబజారు రాగానే సైకిల్ దిగి, నడిపించుకుంటూ వెళ్లి, బజారు దాటాక మళ్లీ ఎక్కేవాడు. ఆ సైకిల్ వెనక నడిచిన పిల్లాడు మా నాన్న. ఈ భాగం రాయడానికి కారణం ఆయన అన్న ఆ ఒక్క మాట.

మిత్రులారా, ఊగే గుర్రానిది రాజుల ఇంటి పుట్టుక. 17వ శతాబ్దం నాటికే యూరప్‌లో ప్రభువుల పిల్లలు వీటి మీద ఆడుకున్నారు. రేపు నిజం గుర్రం ఎక్కాల్సిన పిల్లాడికి ఇది ముందస్తు సాధన. మన కథల్లో కీలుగుర్రం ఉంది. చేసేది వడ్రంగి, ఎక్కేది రాకుమారుడు. 1949లో వచ్చిన 'కీలుగుర్రం' సినిమా తెలుగువాళ్లందరికీ తెలుసు. గుర్రానికి జీను కావాలి, కళ్లెం కావాలి, వారు కావాలి. ఇవన్నీ తోలు పని. తోలు ఊనింది ఎవరు, కుట్టింది ఎవరు? జీను కుట్టినవాడు జీను మీద కూర్చోకూడదన్నది ఈ దేశంలో రాయని శాసనం.

ఆ శాసనాన్ని ధిక్కరించిన చరిత్ర కూడా ఉంది. 1893లో తిరువాన్కూరులో అయ్యంకాళి ఎడ్లబండి ఎక్కి, తమకు నిషేధించిన దారిలో వెళ్లాడు. బండి ఎక్కడమే ఆయన చేసిన తిరుగుబాటు.

1901లో తొమ్మిదేళ్ల భీమరావు తండ్రిని చూడ్డానికి రైల్లో మసూర్ స్టేషన్లో దిగాడు. కులం తెలియగానే బండివాళ్లు రామన్నారు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, అదీ ఒక షరతు మీద: బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు.

28 ఏళ్లు గడిచాయి. ఆ పిల్లాడు కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చాడు, బారిస్టరయ్యాడు. 1929లో, అంటరానివాళ్ల ఫిర్యాదుల విచారణకి బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడిగా చాలీస్‌గావ్ వెళ్లాడు. అక్కడా అదే షరతు. టాంగా అద్దెకిస్తాం, మేం తోలం. అతిథిని నడిపించి తీసుకెళ్లడం మర్యాద కాదని, ఎన్నడూ పగ్గాలు పట్టని మహర్ సోదరుడు పగ్గాలు పట్టాడు. కల్వర్టు మీద టాంగా అదుపు తప్పింది. గుర్రం, బండి నదిలో పడ్డాయి. అంబేడ్కర్ రాళ్ల మీదికి విసిరేసినట్టు పడ్డాడు, కాలు విరిగింది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఇదంతా ఆయనే రాసుకున్నాడు. టాంగావాడు కూలివాడే. అయినా ఒక బారిస్టర్ కంటే తానే ఎక్కువ అనుకోగలిగాడు. ఈ దేశంలో కులానికున్న బలం అది.

ఇదంతా పాత కథ అనేవాళ్లకి రెండు విషయాలు. 2018 మార్చిలో గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాలో 21 ఏళ్ల దళిత యువకుణ్ణి చంపేశారు. గుర్రం కొనుక్కుని దాని మీద తిరుగుతున్నాడన్న కక్షతోనే చంపారని కుటుంబం చెప్పింది. రెండోది, మన చట్టం. కారంచేడు 1985లో జరిగింది, అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దళితులు, ఆదివాసులు బహిరంగ స్థలంలో సైకిల్ గానీ మోటార్ సైకిల్ గానీ ఎక్కకుండా, చెప్పులు గానీ కొత్తబట్టలు గానీ వేసుకోకుండా, పెళ్లి ఊరేగింపులో గుర్రం ఎక్కకుండా అడ్డుకుంటే నేరమని అందులో పేరుపెట్టి మరీ రాశారు. జరగని నేరాన్ని ఏ పార్లమెంటూ ఇంత వివరంగా రాయదు. మా తాత దిగిన సైకిల్ ఆ సెక్షన్‌లో ఉంది.

అందుకే నాన్న మాటని నేను పిరికితనం అనను. ఆయన ఒళ్లు గుర్తుపెట్టుకున్న చరిత్ర అది. మన ఇళ్లల్లో చాలా చరిత్ర ఇలా హెచ్చరికల రూపంలోనే మిగిలింది. "మెల్లగా మాట్లాడు", "ఆ దోవన పోవద్దు", "లోపల ఆడుకో". ఆర్కైవుల్లో దొరకని ఆధారాలివి.

గుర్రాన్ని నేను లోపలికి తేలేదు. నాన్నతో వాదించనూ లేదు, పక్కన కూర్చున్నాను. మర్నాడు పొద్దున ఆయనే తాత ఆరె, కత్తి బయటికి తీశాడు. మిగిలిన తోలుముక్క కొలిచి, మధ్యాహ్నానికి చిన్న జీను కుట్టాడు. అరుగు మీదే బిగించాడు. సాయంత్రానికి వాడలో పిల్లలు వరసకట్టారు. నాన్న మాత్రం మధ్యమధ్యలో వీధి చివరికి చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు పోవడానికి ఒక జీను సరిపోదని నాకు తెలుసు.

విద్యార్థి మిత్రులకి ఒక పని. ఈ సెలవుల్లో మీ అమ్మమ్మనీ తాతనీ అడగండి: మన ఊళ్లో ఎవరు, ఏ వీధిలో, దేని మీద నుంచి దిగి నడిచారు? మళ్లీ దిగకుండా మొదట వెళ్లింది ఎవరు? ఆ పేరు రాసిపెట్టండి. మన చరిత్ర అక్కడ మొదలవుతుంది.

జై భీమ్.