జెస్యూట్ల రాజకీయ చింతన (16, 17 శతాబ్దాలు)

ఇగ్నేషియస్ లొయోలా నెలకొల్పిన యేసు సభకు 1540లో పోపు మూడవ పాల్ ఆమోదం లభించింది. దాని సభ్యులే జెస్యూట్లు. ఐరోపా రాజకీయాల్లో వారికి పడిన ముద్ర ఒకటుంది: రాజహత్యను సమర్థించేవారని. ఆ ముద్రకు ఆధారం బొత్తిగా లేకపోలేదు. కానీ వారి గ్రంథాలు తిరగేస్తే కనిపించే అసలు వాదం వేరు. రాజాధికారం దేవుడి నుంచి రాజుకు నేరుగా రాదు, సమాజం చేతుల మీదుగా వస్తుంది, కాబట్టి దానికి హద్దులుంటాయి అన్నది ఆ వాదం. రాజును చంపవచ్చా అన్న చర్చ దానికి ఒక కొస మాత్రమే.

ఈ వాదానికి పదును పెట్టింది ఇంగ్లండ్‌తో వచ్చిన తగవు. 1605లో పార్లమెంటును పేల్చివేయడానికి కొందరు కాథలిక్కులు పన్నిన కుట్ర బయటపడింది. మరుసటి ఏడాది జేమ్స్ రాజు కాథలిక్ ప్రజల చేత విధేయతా ప్రమాణం చేయించే చట్టం తెచ్చాడు. రాజును దించే అధికారం పోపుకు లేదని ఒప్పుకోవాలన్నది అందులో ముఖ్యమైన షరతు. జేమ్స్ తానే కలం పట్టి ఆ ప్రమాణాన్ని సమర్థించుకున్నాడు. రోమ్ నుంచి రాబర్ట్ బెల్లార్మైన్, పోర్చుగల్‌లోని కోయింబ్రా నుంచి ఫ్రాన్సిస్కో సువారెజ్ అనే జెస్యూట్లు బదులిచ్చారు. సువారెజ్ తర్కం తిన్నగా సాగుతుంది. మనుషులు పుట్టుకతో స్వతంత్రులు. ఆదాముకు ఇంటి పెద్దరికం ఉంది గానీ రాజ్యాధికారం లేదు. జనం ఒక రాజకీయ సమాజంగా కూడినప్పుడు తన్ను తాను పాలించుకునే శక్తి ఆ సమాజానికే వస్తుంది. అది ఎవరికైనా అప్పగిస్తేనే అతను రాజు. పోపు అధికారం అలా కాదు, నేరుగా క్రీస్తు ఇచ్చినది. 1613లో వెలువడిన సువారెజ్ పుస్తకాన్ని లండన్‌లో ఆ ఏడాదే తగలబెట్టారు. మరుసటి ఏడాది పారిస్ న్యాయసభ కూడా మంటల పాలు చేయించింది.

ఇదంతా రాజును తగ్గించి పోపును పెంచడానికి వేసిన ఎత్తు కాదా అన్న ఆక్షేపణ నాడే వచ్చింది. సువారెజ్ పుస్తకం వరకు అందులో నిజం ఉంది. అయితే లౌకిక వ్యవహారాల్లో పోపుకు ఉన్నది పరోక్షాధికారమేనని బెల్లార్మైన్ రాసినందుకు, 1590లో పోపు ఐదవ సిక్స్టస్ ఆయన గ్రంథాన్నే నిషిద్ధ పుస్తకాల పట్టికలో చేర్చబోయాడు. ఆ పోపు అదే ఏడాది కన్నుమూయడంతో గండం గడిచింది. ఇంతకన్నా గట్టి జవాబు స్పెయిన్ జెస్యూట్ హువాన్ డె మరియానా నాణేల మీద రాసిన చిన్న గ్రంథం. 1603లో స్పెయిన్ ప్రభుత్వం చలామణిలో ఉన్న రాగి నాణేలను తెప్పించి, వాటి మీద రెట్టింపు విలువ ముద్ర కొట్టించింది. రెండు మరవెడీల బిళ్ల నాలుగయింది, లోహం మాత్రం రవ్వంతైనా పెరగలేదు. ప్రజల ఆస్తికి రాజు యజమాని కాడు, వారి సమ్మతి లేనిదే పన్ను వేయరాదు, ఈ ముద్ర మారుపేరుతో వేసిన పన్నే అని మరియానా 1609లో రాశాడు. ధరలు మండిపోతాయనీ హెచ్చరించాడు. డెబ్బై దాటిన ఆ ముసలాయనను పట్టుకెళ్లి మాడ్రిడ్‌లోని ఫ్రాన్సిస్కన్ మఠంలో నిర్బంధించారు. ఈ వాదం వల్ల పోపుకు ఒరిగేది ఏమీ లేదు.

రాజహత్య ముద్రకు కారకుడూ మరియానాయే. 1599లో ఆయన రాజధర్మం మీద రాసిన గ్రంథం, విచిత్రంగా, రాజు మూడవ ఫిలిప్‌కే అంకితం. నిరంకుశుడిని తొలగించే ఇతర దారులన్నీ మూసుకుపోతే చంపడం తప్పు కాదంటూ, విషం విషయంలో ఆయన ఒక విడ్డూరమైన మెలిక పెట్టాడు. తెలియక తానే తాగేలా పానీయంలో కలపరాదు, అది ఆత్మహత్య చేయించినట్టవుతుంది. బట్టలకో కుర్చీకో పూస్తే ఆ దోషం లేదు! 1610 మే 14న ఫ్రాన్స్ రాజు నాలుగవ హెన్రీ హత్య జరిగింది. పారిస్ న్యాయసభ జూన్‌లో ఈ పుస్తకాన్ని కాల్పించింది. హంతకుడు రవాయాక్ జెస్యూట్ కాడు. 1589లో మూడవ హెన్రీని పొడిచిన క్లెమాన్ డొమినికన్ సభవాడు. నిరంకుశుడిని ఎదిరించే సిద్ధాంతాలు కాల్విన్ అనుయాయులూ అంతకు ముందే రాశారు. జెస్యూట్ల అధిపతి అక్వావీవా మాత్రం 1610లోనే, నిరంకుశత్వం సాకుతో రాజును ఎవరైనా చంపవచ్చన్న బోధను సభలో నిషేధించాడు.

అలాగని వీరిని ప్రజాస్వామ్యానికి తాతలుగా నిలబెట్టడం అతిశయోక్తి. సువారెజ్ లెక్కలో సమాజం ఒకసారి అప్పగించిన అధికారాన్ని ఇష్టం వచ్చినప్పుడు వెనక్కి తీసుకోలేదు. రాజు ఘోర నిరంకుశుడైతే తప్ప. ఆయన మెచ్చిన పాలన రాచరికమే. పైగా జెస్యూట్లు ఆస్థానాలకు దూరంగా ఏమీ లేరు. జెస్యూట్ లామోర్మైనీ పవిత్ర రోమన్ చక్రవర్తి రెండవ ఫెర్డినాండ్‌కు పాపసంకీర్తన గురువు. ప్రొటెస్టెంట్ల చేతికి పోయిన చర్చి ఆస్తులను తిరిగి ఇప్పించే 1629 శాసనానికి ఆయన పట్టుబట్టాడు. అయినా రాజాధికారం తండ్రి అధికారం లాంటిదని వాదించిన రాబర్ట్ ఫిల్మర్ తన ప్రత్యర్థులుగా ఎంచుకున్నది బెల్లార్మైన్‌నూ సువారెజ్‌నూ. ఆ ఫిల్మర్‌ను ఖండించడానికే జాన్ లాక్ పూనుకున్నాడు.

యేసు సభను చివరికి వెళ్లగొట్టింది కాథలిక్ రాజులే: 1759లో పోర్చుగల్, 1764లో ఫ్రాన్స్, 1767లో స్పెయిన్. 1758లో పోర్చుగల్ రాజుపై జరిగిన కాల్పులకు జెస్యూట్ల కుట్రే కారణమని ఆ దేశ మంత్రి పొంబాల్ ప్రభుత్వం నింద మోపింది. అప్పటికి అక్వావీవా నిషేధం వెలువడి 148 ఏళ్లు.