వడపోసేది పొట్టే: ఇంటి బీరు తయారీలో మాష్ టన్ జల్లెడల చరిత్ర

వ్యాససంగ్రహం: మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని నలగగొట్టి, వేడినీళ్ళలో నానబెట్టి, ఆ ముద్ద నుంచి తీయని రసాన్ని వేరుచేయడం బీరు తయారీలో కీలకమైన దశ. ఇందుకోసం ఇళ్ళలో చేసుకొన్న జల్లెడ సాధనాలు చెక్కతొట్టి నుంచి ప్లాస్టిక్ బకెట్టు దాకా ఎలా మారాయో, పన్ను చట్టాలు, నిషేధాలు ఈ గృహపరిజ్ఞానాన్ని ఎక్కడ తెంచాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మాష్ టన్, వడపోత, గృహపరిజ్ఞానం, మాల్టు పన్ను, కుర్నా, ఊక

ఉపోద్ఘాతం

ద్రవాన్ని ఘనపదార్థం నుంచి వేరుచేసే పనికి తెలుగులో ఒక మాట చాలదు. గంజి వారుస్తారు, కషాయం వడకడతారు, బురదనీటిని తేరనిస్తారు. వార్చేటప్పుడు సిబ్బి అడ్డుపడుతుంది, వడకట్టేటప్పుడు గుడ్డ. తేరడానికి కావలసింది సమయం మాత్రమే. మాష్ టన్ అనే తొట్టిలో జరిగే పని వీటిలో దేనికీ పూర్తిగా ఒదగదు. అక్కడ నలిగిన మాల్టు సుమారు 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్ళలో గంటసేపు నానుతుంది. గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ తరువాత తొట్టి అడుగున ఉన్న తూము తెరిస్తే రసం దిగాలి, పిప్పి నిలవాలి.

మొదట దిగే రసం మసకగా ఉంటుంది. దాన్ని మళ్ళీ తొట్టిలోనే పైనుంచి పోస్తారు. రెండు మూడుసార్లు అలా చేశాక తేటపడుతుంది. ఈ మధ్యలో జల్లెడ రంధ్రాలేమీ చిన్నవి కాలేదు. మారింది దాని మీద పేరుకొన్న బార్లీ పొట్టు అమరిక. అంటే వడపోసేది పొట్టు, ఆ పొట్టును మోసేది జల్లెడ. ఇసుక, బొగ్గు నింపిన కుండలను ఒకదానిపై ఒకటి నిలిపి తాగునీటిని శుభ్రపరచుకొన్న ఇళ్ళవారికి ఈ సూత్రం కొత్తది కాదు. మాష్ టన్ జల్లెడల చరిత్రను కొత్త సాధనాల జాబితాగా కాక, ఈ ఒక్క సంగతిని కనుగొని, పోగొట్టుకొని, మళ్ళీ కనుగొన్న చరిత్రగా చదవడం సముచితం.

పాత ఆధారం, దాని పరిమితి

ఈ చరిత్రను సుమేరు నుంచి మొదలుపెట్టడం పరిపాటి. క్రీ.పూ. 1800 ప్రాంతానికి చెందిన మట్టిపలకలపై దొరికిన నింకాసి దేవత స్తోత్రాన్ని మిగెల్ సివిల్ 1964లో అనువదించి ప్రచురించాడు. ఆ అనువాదం ప్రకారం, వడపోత పాత్రను రసం పట్టే పెద్ద పాత్ర మీద నిలపడం అందులో ప్రస్తావితమైంది. పై పాత్ర, కింది పాత్ర అనే ఈ అమరిక ఆధునిక గృహ తయారీదారులకు తమ బకెట్ల జంటను గుర్తుచేయడం సహజం. అయితే పీటర్ డామెరోవ్ 2012లో ప్రచురించిన వ్యాసంలో, స్తోత్రం ఆధారంగా తయారీ పద్ధతిని పునర్నిర్మించడంలోని సందిగ్ధాలను ఎత్తిచూపాడు. స్తోత్రం వంటపుస్తకం కాదు. కావ్యంలోని వంటకాల వర్ణన చూసి పాకశాస్త్రం రాయబోయే తెలుగు పరిశోధకులకు కూడా వర్తించే హెచ్చరిక ఇది.

కుర్నా, బర్చి కట్ట

నిలిచిన ఆధారం ఫిన్లాండ్‌లో ఉంది. అక్కడి పల్లెల్లో సాహ్తి అనే ఇంటి బీరును వడపోసే సాధనం పేరు కుర్నా. చెట్టు మొద్దును పొడవునా తొలిచి చేసిన పడవలాంటి తొట్టి అది. అడుగున సన్నని కర్రలు, గడ్డి, జూనిపర్ కొమ్మలు పరుస్తారు. వాటిపై ధాన్యపు ముద్ద వేసి వేడినీళ్ళు పోస్తే ఒక చివరనున్న రంధ్రం గుండా రసం దిగుతుంది. కొమ్మలు రసానికి వాసన ఇస్తాయన్నది అందరూ చెప్పేదే. వాటి అసలు పని వేరు: పొట్టు అడుగుకు అంటుకొని రంధ్రాన్ని మూసివేయకుండా కింద ఖాళీ ఉంచడం. లోహమూ లేదు, కొలిచి తొలిచిన రంధ్రాలూ లేవు. పని ముగిశాక కొమ్మలనూ గడ్డినీ పారేస్తారు. వడపోత చరిత్రకు వస్తుసాక్ష్యం అరుదుగా దొరకడానికి ఇదొక కారణం కావచ్చు. ప్రతి వంటకూ కొత్తగా పుట్టి, వంటతోనే పోయే సాధనం మ్యూజియానికి చేరదు. సాహ్తి తయారీ చాలాచోట్ల స్త్రీల చేతిపని కావడం, అందువల్ల వ్రాతలో తక్కువగా నమోదు కావడం కూడా గమనార్హం.

ఇంగ్లండులో ఈ పరిజ్ఞానం వ్రాతలోకి వచ్చిన సందర్భాల్లో విలియం కాబెట్ రచన ‘కాటేజ్ ఎకానమీ’ ముఖ్యమైనది. 1821-22లో భాగాలుగా వెలువడిన ఈ పుస్తకం కూలీ కుటుంబం ఇంట్లోనే రొట్టె, బీరు చేసుకొనే విధానాన్ని వివరిస్తుంది. కాబెట్ చెప్పిన మాష్ తొట్టికి అడుగున ఒక రంధ్రం ఉంటుంది. రెండు చివరలా గట్టిగా కట్టిన సన్నని బర్చి పుల్లల కట్టను ఆ రంధ్రంపై అడ్డంగా పెట్టాలి. కట్ట పరిమాణం చీపురులో సగం. దాని మధ్యగా ఒక పొడవాటి కర్ర మొనను రంధ్రంలోకి దించి బిగిస్తారు. కర్రను కొద్దిగా పైకి లాగితే రసం కొద్దిగా, ఇంకాస్త లాగితే ఇంకాస్త దిగుతుంది. చీపురు కట్టడం వచ్చిన చేతికి ఈ జల్లెడ చేయడం రానిది కాదు. కట్టలోని పుల్లలు పొట్టును ఆపినంత ఆపుతాయి, మిగతాది పొట్టే ఆపుకొంటుంది. కుర్నాకూ ఈ కట్టకూ మధ్య సూత్రంలో తేడా లేదు.

నైరుతి ఇంగ్లండు మాండలికాల్లో తూము ముందు ఉంచే వెదురుబుట్టలాంటి అల్లిక జల్లెడకు ‘హక్‌మక్’ అనే పేరుండేది. నిఘంటువుల్లో మాత్రమే మిగిలిన ఇలాంటి మాటలు, ఒకప్పుడు ఈ పరికరం ఇంటింటి వస్తువు కావడానికి సాక్ష్యం. వస్తువు పోయాక కొంతకాలం పేరు ఉంటుంది, ఆ తరువాత పేరుకు అర్థం చెప్పేవారుండరు.

పన్ను చేసిన పని

ఆ వస్తువు ఎందుకు పోయింది? కాబెట్ సమాధానం సూటిగా ఉంటుంది: మాల్టు మీద పన్ను. నలభయ్యేళ్ళ కిందట ఇంట్లో బీరు కాచుకోమని ఇంగ్లండు కూలీకి ఎవరూ నేర్పనవసరం లేకపోయిందని, పన్నుల భారం వారిని టీ వైపు నెట్టిందని అతని ఆక్రోశం. అతడు వాదప్రియుడైన పాత్రికేయుడు. టీపై అతని నిందలను యథాతథంగా స్వీకరించనక్కరలేదు. కాని 1697లో మొదలైన మాల్టు పన్ను ఇంటి తయారీ ఖర్చును పెంచిందన్నది కాదనలేనిది.

1880లో గ్లాడ్‌స్టన్ మాల్టు పన్ను తీసివేసి, పన్నును తయారైన రసం సాంద్రత మీదకు మార్చాడు. తొట్టిలో మాల్టు బదులు చక్కెర, ఇతర ధాన్యాలు కూడా వేసుకొనే స్వేచ్ఛ వాణిజ్య తయారీదారులకు లభించింది. అందుకే ఈ సంస్కరణకు ‘స్వేచ్ఛా మాష్ టన్’ అనే పేరు వచ్చింది. పేరులోని వ్యంగ్యం గమనించదగినది. కర్మాగారపు తొట్టికి స్వేచ్ఛనిచ్చిన ఆ చట్టమే, సొంతానికి కాచుకొనేవారిని లైసెన్సు పరిధిలోకి తెచ్చింది. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఆ లైసెన్సును రద్దుచేసే వరకు ఎనభై మూడేళ్ళు గడిచాయి, అంటే సుమారు మూడు తరాలు. చేతినుంచి చేతికి అందవలసిన పనికి అది చాలా పెద్ద విరామం.

అమెరికాలో విరామం మరోలా వచ్చింది. 1920లో అమలైన మద్యనిషేధం 1933లో తొలగినా, ఇంట్లో ద్రాక్షసారా చేసుకోవడానికి దొరికిన సమాఖ్య అనుమతి బీరుకు దొరకలేదు. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి 1 నుంచి అమలై, ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు సుంకం లేకుండా చేసుకొనే వీలు కల్పించింది. అయినా రాష్ట్రాల చట్టాలు వేరు. మిసిసిపీ, అలబామాలు 2013లో గాని అనుమతించలేదు.

బకెట్టు, కూలర్, గొట్టం

చట్టం అనుమతించగానే పరిజ్ఞానం తిరిగి రాదు. కొత్తగా మొదలుపెట్టినవారిలో ఎక్కువమంది డబ్బాల్లో దొరికే మాల్టు పాకాన్ని నీళ్ళలో కలిపి కాచుకొన్నారు. ఆ పాకంలో వడపోత అప్పటికే వేరొకరి కర్మాగారంలో ముగిసి ఉంటుంది. నిజానికి పాకపు డబ్బా అమ్మేది చక్కెరను మాత్రమే కాదు, తెగిపోయిన ఆ ఒక్క మెట్టును కూడా. ధాన్యంతోనే మొదలుపెట్టాలనుకొన్నవారు జల్లెడను స్వయంగా చేసుకోవలసి వచ్చింది. బ్రిటన్‌లో డేవ్ లైన్ 1974లో వెలువరించిన ‘ది బిగ్ బుక్ ఆఫ్ బ్రూయింగ్’ వంటి పుస్తకాలు ఈ దారి చూపాయి.

అమెరికాలో ఛార్లీ పపాజియన్ 1984 నాటి పుస్తకం ‘ది కంప్లీట్ జాయ్ ఆఫ్ హోమ్ బ్రూయింగ్’ ద్వారా ప్రచారంలోకి తెచ్చిన సాధనం పేరు ‘జపాప్’. ఆహారపదార్థాలకు వాడే రెండు ప్లాస్టిక్ బకెట్లు తీసుకొని, ఒకదాని అడుగున డ్రిల్లుతో వందలాది చిన్న రంధ్రాలు వేసి, దాన్ని రెండోదానిలో దించుతారు. కింది బకెట్టుకు పక్కగా ఒక గొట్టం. కర్మాగారాల్లోని రంధ్రాల పళ్ళేనికి ఇది చౌకైన ఇంటి రూపం. దీని లోపం పలుచని గోడలు, వేడి నిలవదు.

వేడి నిలవడానికి వనభోజనాల కూలర్ పెట్టెను మాష్ టన్‌గా మార్చడం తరువాతి మెట్టు. జాన్ పామర్ ‘హౌ టు బ్రూ’ గ్రంథం రాగి గొట్టాలను చట్రంలా అమర్చి, హాక్సాతో గాట్లు పెట్టి, ఆ గాట్లు కిందికి తిరిగేలా పెట్టె అడుగున ఉంచే పద్ధతిని వివరంగా చర్చించింది. రసాన్ని నిమిషానికి సుమారు లీటరు చొప్పున మెల్లగా దించాలన్నది ఆ సంప్రదాయపు సూచన. ఈ మెల్లదనానికి శాస్త్రీయ ఆధారం హెన్రీ దార్సీ 1856లో దిజోన్ నగర నీటిసరఫరా గ్రంథంలో ప్రకటించిన సూత్రం. ఇసుక స్తంభం గుండా నీటి ప్రవాహం, పైకీ కిందికీ ఉన్న ఒత్తిడి తేడాకు అనులోమంగా, పొర మందానికి విలోమంగా ఉంటుందని దాని సారం. ధాన్యపు పొరకూ ఇది వర్తిస్తుంది, ఒక చిక్కుతో: ఇసుక నలగదు, పొట్టు నలుగుతుంది. తూము పూర్తిగా తెరిచి తొందరపడితే పొర కిందికి పీల్చుకుపోయి గట్టిపడుతుంది, దారులు మూసుకుపోతాయి, రసం దిగడం ఆగిపోతుంది. కాబెట్ కర్రను కొంచెం కొంచెంగా పైకి లాగడంలోని వివేకం ఇదే.

రాగి చట్రం కంటే సులభమైనది ఆ తరువాత వచ్చింది. గీజరుకూ, వాష్‌బేసిన్‌కూ నీరందించే స్టీలు అల్లిక గొట్టం లోపలి రబ్బరును లాగివేసి, మిగిలిన అల్లిక తొడుగు ఒక చివర మడిచి మూసి, రెండో చివరను తూముకు బిగిస్తే జల్లెడ తయారు. వేలి మందమున్న ఈ తొడుగు పెద్ద పెట్టెడు ధాన్యాన్ని వడపోయగలదంటే మొదట నమ్మశక్యం కాదు. బర్చి కట్ట ఎంత చిన్నదో తలచుకొంటే మాత్రం ఆశ్చర్యం ఉండదు. దీన్ని కొత్త ఆవిష్కరణ అనడం కంటే హక్‌మక్ పునర్జన్మ అనడం సరైనది. దాన్ని చేసుకొన్నవారిలో ఎంతమంది ఆ మాట విని ఉంటారు?

ఇదే కాలంలో ఆస్ట్రేలియాలో వ్యాపించిన సంచి పద్ధతి మాత్రం ఈ వరుసలో ఇమడదు. సన్ననేత సంచిలో ధాన్యమంతా పోసి, కాచే పాత్రలోనే నానబెట్టి, చివరకు సంచిని పైకెత్తి వేలాడదీస్తారు. పెరుగును గుడ్డమూటలో వేలాడదీసినట్టే ఇది అచ్చమైన వడకట్టుడు. పొట్టు పొరకు ఇక్కడ ప్రాధాన్యం తక్కువ, రసం కొంత మసకగానే దిగుతుంది. వడపోసేది పొట్టే అన్న సూత్రానికి దీన్ని మినహాయింపుగా అంగీకరించాలి.

ఊక

గోధుమ మాల్టుకు పొట్టు ఉండదు, నూర్పిడిలోనే రాలిపోతుంది. రై ధాన్యానిదీ అదే స్థితి. వీటి పాలు ఎక్కువైతే ఎంత మంచి జల్లెడ అయినా పూడుకుపోతుంది. అలాంటప్పుడు గృహ తయారీదారులు ధాన్యంలో కలిపేది వడ్ల ఊక. దానికి రుచి లేదు, చక్కెర లేదు, ఉన్నదల్లా నలగని గరుకుదనం. సిలికా అధికంగా ఉండడం వల్ల అది తడిలో కూడా ముద్దకాకుండా పొరల మధ్య దారులు తెరిచి ఉంచుతుంది. సారంలేని ప్రసంగాన్ని ఊకదంపుడు అని తీసిపారేసే భాషవారికి ఇది కాస్త వింతగా తోచవచ్చు. ఇటుకబట్టీలకూ ఊకపొయ్యిలకూ తోలే ఆ పదార్థాన్నే అమెరికాలోని బీరు సామగ్రి దుకాణాల్లో చిన్న సంచుల్లో కట్టి అమ్ముతారు. వాడే ముందు కడిగి నానబెడతారు, లేకపోతే అది రసాన్ని కొంత తాగేస్తుంది.