చెరసాల వాకిట పాదిరులును పరులును

కారాగారముల చరిత్రమును వ్రాసినవారు సామాన్యముగా ఇద్దరిని గూర్చియే వ్రాసిరి. శిక్ష విధించు ప్రభుత్వ మొకటి. శిక్ష ననుభవించు ఖైదీ మరియొకడు. ఈ యిద్దరి నడుమ తాళపుచెవులు చేతబట్టి నిలుచువాడు జైలరు. అతని వాకిటికి వచ్చి, లోనికి పోనిమ్మని యడుగు మూడవవాడొకడు కలడు. అతడు మతబోధకుడు కావచ్చును, దయాళువైన గృహస్థు కావచ్చును, వకీలు కావచ్చును, పత్రికా విలేఖరి కావచ్చును. జైలు సిబ్బంది యతని నెట్లు చూచిరన్నది పైకి చిన్న విషయముగనే తోచును. కాని గోడలలోపల జరిగినది గోడల కవతల తెలియుట చాలవరకు ఆ మూడవవాని మీదనే యాధారపడి యుండెను.

మన సాహిత్యమునకు చెరసాల క్రొత్తది కాదు. కంచెర్ల గోపన్న గోలకొండ చెర తెలుగు భక్తి సంప్రదాయమున నిలిచిపోయినది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో వెల్లూరు జైలున నుండి ‘మాలపల్లి’ని రచించిరి. ఇవి లోపలివారి కంఠస్వరములు. బయటినుండి లోనికి పోయి చూచినవాని సాక్ష్యము వేరు. అది యెప్పుడు సాధ్యమయ్యెను, ఎప్పుడు కాకపోయెను, ఏ మూల్యమునకు సాధ్యమయ్యెను అను ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసము నుద్దేశము. మన జైలు చట్టము ఇంగ్లీషువారు చేసి యిచ్చినది గనుక, ముందు వారి దేశమున జరిగిన దానిని చూచి, పిదప మన దేశమునకు వచ్చుట యుచితము.

1. వాకిలి అంగడిగా నున్న కాలము

పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులోని జైలర్లలో పెక్కుమందికి జీతము లేదు. ఖైదీ లోనికి వచ్చునపుడు రుసుము, వెలుపలికి పోవునపుడు రుసుము, సంకెళ్ల బరువు తగ్గించుటకు రుసుము, పడకకు రుసుము. జైలులో సారా అమ్మకము కూడ వారిదే. ఇట్టి వ్యవస్థలో బయటివాడు శత్రువు కాడు, బేరగాడు. లండనులోని న్యూగేటు చెరసాలలో ఉరిశిక్ష పడినవారిని చూచుటకు జనులు తాళములవారికి సొమ్ము చెల్లించి లోనికి పోవుచుండిరి. 1724లో జాక్ షెపర్డు అను పేరుమోసిన దొంగను చూడవచ్చిన వారివలన సిబ్బందికి మంచి రాబడి కలిగెను. ఉరితీయుటకు ముందు వచ్చు ఆదివారమునాడు ప్రార్థనామందిరములో జరుగు ఉపదేశమునకు సైతము ప్రేక్షకులు చేరుచుండిరి. ఆ చెరసాల పాదిరి కూడ ఈ వర్తకమునకు దూరముగా లేడు. మరణశిక్ష పడినవారి జీవితములను, పశ్చాత్తాప వచనములను అచ్చు వేయించి అమ్ముట ఆ పదవిలోని వారికి చిరకాలము ఆదాయమార్గముగా నుండెను.

ఇచ్చట సిబ్బందికిని న్యాయము చేయవలయును. బయటివారివలన వారికి కలుగు భయము కేవలము కల్పితము కాదు. అదే షెపర్డు 1724 ఆగస్టు 31వ తేదీన, తనను చూడవచ్చిన స్త్రీల సాయముతో, ఆడువేషమున న్యూగేటునుండి తప్పించుకొని పోయెను. చెరసాల జ్వరము లోపలినుండి వెలుపలికిని, వెలుపలినుండి లోపలికిని ప్రాకుచుండెను. కావున అనుమానము ఆ వృత్తికి సహజగుణము. అది యెవరి పట్ల మేల్కొనెను, ఎవరి పట్ల నిద్రించెను అన్నదే చరిత్రకారునికి ముఖ్యము. సొమ్మిచ్చి వినోదము చూడవచ్చిన వానిపట్ల అది నిద్రించుచుండెను.

సొమ్మియ్యక, వినోదము కోరక వచ్చినవారి గతి వేరు. ఆక్స్‌ఫర్డులోని జాన్ వెస్లీయు నతని మిత్రులును 1730లో అచ్చటి కోటలోని ఖైదీలను చూచుటకు పోవుట ప్రారంభించిరి. ఆ మెథడిస్టు ఉద్యమము పెరిగిన కొలది వారికి వాకిళ్లు కొన్ని తెరచుకొనెను, కొన్ని మూసికొనెను. బ్రిస్టలు నగరపు జైలరైన డాగ్ అనువాడు 1739లో జార్జి వైట్‌ఫీల్డును లోనికి రానిచ్చి, ఖైదీలకు బోధించుటకు అనుమతించెను. అయినను కొలదికాలములోనే నగరాధ్యక్షుడు దానిని నిషేధించెను. డాగ్ దయాళువని పేరు పొందినవాడు. అతని చెరసాల శుభ్రతను, క్రమమును మెచ్చుకొనుచు వెస్లీ 1761లో ఒక పత్రికకు లేఖ వ్రాసెను. జైలరు మంచివాడైనను వాకిలి యతనిది కాదని ఈ వృత్తాంతము తెలుపుచున్నది. దయవలన తెరచిన తలుపును మరియొకరి ఆజ్ఞ మూయగలదు.

2. ప్రశ్నించుటకు వచ్చినవాడు

జాన్ హోవర్డు 1773లో బెడ్‌ఫర్డు మండలమునకు షెరీఫు అయ్యెను. నిర్దోషులని తీర్పు పొందినవారు సైతము, జైలరు రుసుము చెల్లింపలేక మరల చెరలోనికి ఈడ్వబడుట నతడు కన్నులార చూచెను. జైలరుకు జీతమిచ్చి రుసుములను మాన్పుడని యతడు మండల న్యాయాధికారులను కోరగా, వారు ఇట్టి యాచారము మరియెచ్చటనైన కలదేని చూపుమనిరి. దానిని వెదకుటకై యతడు పొరుగు మండలములకు బయలుదేరెను. ఆ వెదకులాట యతని జీవితాంతము సాగెను. 1774లో పార్లమెంటు సంఘము నెదుట సాక్ష్యము చెప్పెను. నిర్దోషులను రుసుము లేకయే విడువవలయునని ఆ యేడే చట్టము వచ్చెను. అతని మహాగ్రంథము 1777లో వెలువడెను.

హోవర్డు పట్ల సిబ్బంది చూపిన వైఖరి గమనింపదగినది. అతనిని బలముతో నడ్డగించినవారి కంటె, సాకులు చెప్పి లోపలి గదులకు వెంటరాక తప్పించుకొన్నవారే యెక్కువ. జ్వరభయము వారికి మంచి సాకు. అతడు సిర్కా సీసా చేతబట్టి ఒంటరిగా లోనికి పోవుచుండెను. చెరసాలల దుర్గంధము దుస్తులకు పట్టుటచే మూసిన బండిలో కూర్చుండలేక గుఱ్ఱముపై ప్రయాణము చేసెను.

1775లో పారిసునందు జరిగిన సంగతి మరింత బోధకము. మొదట నతనిని చెరసాలలలోనికి రానీయలేదు. అంతట నతడు 1717 నాటి ఫ్రెంచి శాసన మొకటి చూచి, ఖైదీలకు భిక్ష పెట్ట వచ్చినవారిని లోనికి రానీయవలయునను నియమము దానియందుండుట కనుగొనెను. దానిని చూపగనే తలుపులు తెరచుకొనెను. చూచుటకు వచ్చినవానికి లేని ప్రవేశము, దానము చేయుటకు వచ్చినవానికి కలదు. బాస్టిల్ దుర్గమున మాత్రము అట్టి నియమ మేదియు పని చేయలేదు. అతడు వెలుపలి వాకిలి దాటి కొంత పోయి, వెనుదిరుగవలసి వచ్చెను. జైలరు సత్స్వభావము కాక వ్రాతలోనున్న నియమమే పరునికి బలమని దీనివలన తేలుచున్నది.

3. జీతపు పాదిరి

మండల జైళ్లకు పాదిరులను నియమించి, ఏడాదికి 50 పౌనులకు మించని జీత మిచ్చుటకు 1773 నాటి చట్టము న్యాయాధికారులకు అధికార మొసగెను. దీని యుద్దేశము మంచిది. అయినను ఫలితము రెండు విధములయ్యెను. పాదిరికి వాకిట ఆటంకము తొలగెను, కాని యతడు బయటివాడు కాకపోయెను. 1814లో పార్లమెంటు సంఘము లండను చెరసాలలను విచారించినపుడు, న్యూగేటు పాదిరియైన ఫోర్డు తన కర్తవ్యము ప్రార్థన జరుపుటయు, ఉరిశిక్ష పడినవారికి తోడుండుటయు తప్ప విశేషముగా లేదని తలచుచున్నట్లు తేలెను. ఖైదీల నడవడిని గూర్చి యతనికి తెలిసినది లేదు. అతడు క్రూరుడని చెప్పుట కాధారము లేదు. సిబ్బందిలో నొకడైనవాడు సిబ్బంది కన్నులతోనే చూచును; అంతియే.

4. ఇద్దరు స్త్రీలు

ఎలిజబెత్ ఫ్రై 1813లో మొదటిసారి న్యూగేటులోని స్త్రీల భాగమునకు పోయినపుడు, ఖైదీలు మీదపడుదురని చెరసాల పాలకుడు భయపెట్టెను. 1817లో ఆమె బిడ్డలకు బడి పెట్టదలచగా, పాలకుడును పాదిరియు షెరీఫులును ఆ ప్రయత్నము నిష్ఫలమగునని చెప్పిరి. తావు కూడ లేదనిరి. తుదకొక ఖాళీ గది దొరికెను. ఖైదీలలోనే యొకతె ఉపాధ్యాయినిగా నియమింపబడెను. అల్లరి తగ్గి, కుట్టుపని సాగి, క్రమము నెలకొన్న పిదప అధికారులు ఆమెను మెచ్చుకొనిరి. క్రమమునకు తోడ్పడినంతకాలము పరుడు ఆదరపాత్రుడు.

ఆ మరుసటి సంవత్సరమే ఆ యాదరమునకు గల హద్దు తెలియవచ్చెను. దొంగనోట్ల నేరమునకు మరణశిక్ష పడిన హారియెట్ స్కెల్టన్ అను స్త్రీ ప్రాణమును కాపాడుమని ఫ్రై హోంమంత్రి సిడ్మత్ ప్రభువును వేడగా, ఆయన కోపించెను. ఉరి ఆగలేదు. బోధించు నోరు శిక్షను ప్రశ్నించునప్పటికి అప్రియమయ్యెను. 1835లో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు ఏర్పడిరి. ఆ మరుసటి యేడు వారు తమ నివేదికలో న్యూగేటు దుస్థితిని తీవ్రముగా ఖండించుచునే, ఫ్రై పఠనములకు ప్రేక్షకులు గుమిగూడుటను తప్పుపట్టిరి. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. దయ కూడ చూడముచ్చటైన వినోదముగా మారగలదు.

సారా మార్టిన్ కథ యింతకంటె చిన్నది, కాని యింతకంటె లోతైనది. ఆమె గ్రేట్ యార్మత్ పట్టణమున దుస్తులు కుట్టి జీవించు పేదరాలు. 1819లో, బిడ్డను హింసించి చెరపడిన యొక తల్లిని చూడనిమ్మని ఆమె జైలరు నడిగెను. మొదట నతడు మాట దాటవేసెను; రెండవమారు రానిచ్చెను. నాటినుండి ఆమె వారమున నొకదినపు కూలిని వదలుకొని ఖైదీలకు చదువు చెప్పెను, పని నేర్పెను. పాదిరి లేని ఆ చెరసాలలో ఆదివారపు ప్రార్థనలు సాగించెను. ఇట్లు ఇరువదియేండ్లకు పైగా గడచెను. ఆమె నిరుపేద యగుట చూచి పురపాలకులు ఏడాదికి 12 పౌను లియ్యదలచిరి. కూలికి వచ్చినదని ఖైదీలు తలచినచో తన మాటకు విలువ యుండదని ఆమె వెనుదీసెను. లోనికి రానిచ్చు అధికారము తమది గనుక తమ షరతులకు లోబడవలయునని పాలకులు తెలిపిరి. ఆమె లోబడెను. రెండేండ్ల పిదప, 1843లో మరణించెను.

ఆ పాలకులు దుర్మార్గులు కారు, వారిచ్చినది సాయము. అయినను మన ప్రశ్న యంతయు ఆ సాయములోనే యిమిడియున్నది. ఇరువదియేండ్ల సేవయు ఆమెకు లోనికి పోవు హక్కును సంపాదించి యియ్యలేదు. ఆమె నిలిచినది అనుగ్రహము మీదనే.

5. మన దేశము

ఈ అనుగ్రహ న్యాయమే మన దేశమునకును వచ్చినది. మెకాలే సభ్యుడుగా నుండిన జైలు క్రమశిక్షణ సంఘము 1838లో తన నివేదిక నిచ్చినపుడు, నీతిబోధ, విద్య మొదలగు సంస్కరణ మార్గములను బుద్ధిపూర్వకముగా త్రోసిపుచ్చెను. ఆంధ్ర మండలముల జైళ్లకును వర్తించిన 1894 నాటి ప్రిజన్స్ చట్టములో సందర్శకుడు మొదట అనుమానితుడు. జైలరు అతని పేరును, చిరునామాను అడుగవచ్చును, సోదా చేయవచ్చును, సోదాకు ఒప్పుకొననిచో ప్రవేశము నిరాకరింపవచ్చును. నిషిద్ధ వస్తువులను లోనికి చేర్చినవానికి ఆరునెలల వరకు కారాగారము గాని, 200 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. జైలును పరిశీలించు సందర్శకుల నియామకమును మాత్రము చట్టము ప్రభుత్వము చేయు నియమములకు విడిచిపెట్టెను. ఆ నియమముల ననుసరించి అనధికార సందర్శకుడు తన అభిప్రాయమును సందర్శకుల పుస్తకమున వ్రాయును. దాని నకలు సూపరింటెండెంటు సమాధానముతో కూడ పై యధికారికి పోవును. సాక్షి మాటయు, ప్రతివాది మాటయు ఒకే కవరులో ప్రయాణము చేయునన్నమాట.

పాదిరియే కాపలాదారైన యుదాహరణము తెలుగుదేశముననే కలదు. 1911 నాటి నేరస్థజాతుల చట్టము తరువాత మద్రాసు ప్రభుత్వము ఎరుకల కుటుంబములను కొన్నింటిని బాపట్ల సమీపమున స్టూవర్టుపురములో నుంచి, ఆ వసతి నిర్వహణమును ముక్తిఫౌజునకు అప్పగించెను. అచ్చట హాజరు పట్టీయు బోధయు ఒకే చేతిలో నుండెను. వెలుపలికి పోవుటకు పాసు నియ్యవలసినవాడే ఆత్మరక్షణమును బోధించువాడైనపుడు, అతనిమీద ఫిర్యాదును వినుటకు వాకిట మూడవవాడు లేడు. న్యూగేటు పాదిరి సిబ్బందిలో చేరెను. ఇచ్చట పాదిరియే సిబ్బంది యయ్యెను.

స్వాతంత్ర్యానంతరము పరిస్థితి మారిన తీరును 1979 నాటి సునీల్ బత్రా తీర్పు తెలుపును. తీహారు జైలులో ఒక హెడ్ వార్డరు తోటి ఖైదీని హింసించెనని బత్రా అను ఖైదీ సుప్రీంకోర్టుకు లేఖ వ్రాసెను. న్యాయస్థానము ఆ లేఖనే అర్జీగా స్వీకరించి, ఇద్దరు న్యాయవాదులను నియమించి, జైలులోనికి పోవుటకు, ఖైదీని కలిసికొనుటకు, కాగితములను చూచుటకు, సాక్షులను విచారించుటకు వారికి అధికార మిచ్చెను. హింస జరిగినదని తీర్మానించి, కృష్ణయ్యరు న్యాయమూర్తి ఫిర్యాదుల పెట్టెలను, న్యాయాధికారుల సందర్శనములను ఆదేశించెను. ఆ న్యాయవాదులు జైలరు దయవలన గాక, ఆజ్ఞవలన లోనికి పోయిరి. హోవర్డు పారిసులో చూపిన కాగితమునకు ఇది సంతతి.

6. ఉపసంహారము

పై చరిత్రమువలన జైలు సిబ్బంది పరులను ఎల్లప్పుడును ద్వేషించిరని చెప్పరాదు. సొమ్మిచ్చువానిని వారు ఆహ్వానించిరి. క్రమమునకు తోడ్పడువానిని గౌరవించిరి. భిక్ష పెట్టువానిని సహించిరి. చూచి, వ్రాసి, వెలుపల చెప్పువానిని మాత్రమే శంకించిరి. కావున ఆదరము లభించుటయే విజయమని సందర్శకుడు భ్రమింపరాదు. ఆ యాదరము మౌనమునకు ముందుగా చెల్లించిన వెల కావచ్చును.

1955లో జెనీవాలో ఆమోదింపబడి, 2015లో మండేలా పేర సవరింపబడిన అంతర్జాతీయ నియమములు ఏ మతమునకు చెందిన అర్హుడైన ప్రతినిధినైనను కలిసికొను అవకాశమును ఖైదీకి నిరాకరింపరాదనియు, ఖైదీ వలదన్నచో ఆ నిరాకరణమును గౌరవింపవలయుననియు విధించుచున్నవి. ఈ రెండవ భాగము మొదటిదానికంటె తక్కువది కాదు. వాకిలిపై అధికారము జైలరుకు గాని, పాదిరికి గాని కాక, కొంతవరకైనను ఖైదీకి చెందుట దానియందే మొదలగుచున్నది. ప్రవేశమునకు హక్కు, ఏకాంతముగా మాటాడుటకు వీలు, వ్రాసినది సూపరింటెండెంటు బల్లను దాటిపోవుటకు మార్గము — ఈ మూడును లేనిచోట, ఎంత సజ్జనుడైనను బయటివాడు అతిథియే యగును గాని సాక్షి కానేరడు. సారా మార్టిన్ వంటివారి త్యాగమునకు మనము చేయదగిన గౌరవము, వారు వేడి పొందిన దానిని తరువాతివారు వేడనక్కరలేకుండ చేయుటయే.