ఇప్పపువ్వు మనది, సారా మీద హక్కు ఎవరిది?

పోస్టు కొంచెం పొడుగు ఉంది, ఓపికగా చదవండి.

మౌలాలి, నాచారం, ఉప్పల్ దిక్కు రూములు తీసుకొని కాలేజీలకు, కోచింగులకు పోతున్న మనోళ్లలో చాలామందికి ఇది తెలిసిన ముచ్చటే. ఊరి నుంచి వచ్చిన సంచిలో ఎండిన ఇప్పపువ్వు కనబడితే చాలు, పక్క రూమోళ్లు "ఏంది, సారా కాస్తవా?" అని నవ్వుతరు. అదే గల్లీ చివర సర్కారు లైసెన్సు ఉన్న వైన్ షాపు ముందర నిలబడినోళ్లను ఎవరూ ఏమీ అనరు. ఒకటి నేరం, ఇంకొకటి వ్యాపారం ఎట్ల అయింది? ఇది మన అలవాట్ల వల్ల అయింది కాదు. చట్టం చేసిన పని. దానికి దాదాపు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

ముందు పువ్వు సంగతి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పచెట్టు ఆకులు రాల్చి పూస్తది. పూలు రాత్రంతా రాలుతనే ఉంటయి. తెల్లారకముందే ఆడోళ్లు, పిల్లలు గంపలు పట్టుకొని పోయి ఏరుకొస్తరు. ఎండబెడితే తెల్లటి పువ్వు ఎండుద్రాక్ష రంగుకు వస్తది. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరే. అందుకే కరువు కాలంలో ఉడకబెట్టుకొని తిని బతికినోళ్లు ఉన్నరు. గింజ నుంచి నూనె తీస్తరు. ఉట్నూరులో మన ఆడబిడ్డలు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్న సంగతి మీకు తెలిసిందే. అంటే ఇది మొదట తిండి, ఆ తర్వాతనే సారా.

సారాకు పూలను కుండలో కొన్ని రోజులు నానబెడితే ఊట తయారైతది. పువ్వులో ఉన్న తీపికే అది పులుస్తది, బెల్లం కూడా అవసరం లేదు. ఆ ఊటను పొయ్యి మీద కాచి, లేచిన ఆవిరిని చల్లారబెట్టి చుక్క చుక్క పడతరు. దేవరకు మొదట ధార పోసి, తర్వాత పెద్దలకు ఇచ్చి, పెళ్లికి, చావుకు, పండుగకు వాడుకునేది ఇది. పట్నంలో గుడుంబా అనేది వేరే సరుకు. అది బెల్లంతో, పటికతో అమ్మకం కోసం కాచేది. రెండింటినీ ఒకే పేరుతో పిలిచి, ఒకే లెక్కలో కేసు పెట్టడం దగ్గరనే గందరగోళం మొదలైతది.

ఇప్పుడు చరిత్రకు వద్దాం. ఇంగ్లీషోళ్ల పాలనలో ఆబ్కారీ అంటే ఖజానాకు పెద్ద ఆదాయం. ఒక ప్రాంతంలో సారా, కల్లు అమ్మే హక్కును వేలం పెట్టేది. ఎక్కువ పాడినోడికి గుత్త. గుత్తేదారుకు లాభం రావాలంటే జనం తన దుకాణంలోనే కొనాలి. ఇంట్లో కాచుకునేటోడు, చెట్టు గీసుకునేటోడు ఉంటే ఆయన సరుకు ఎవరు కొంటరు? అందుకే ఇంటి వాడకాన్ని కూడా ఆపాల్సి వచ్చింది. జనం ఆరోగ్యం బాగుండాలని తెచ్చిన చట్టమే అయితే దుకాణం కూడా మూసెయ్యాలె కదా!

దీని మీద మన్యంలో పెద్ద లడాయే జరిగింది. గోదావరి జిల్లా రంప కొండల్లో కొండరెడ్లు, కోయలు కల్లు గీసుకొని బతికేటోళ్లు. మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీ నిబంధనలను అక్కడికీ తెచ్చి, కల్లు రాబడిని గుత్తకు ఇచ్చి, ఇంటి వాడకానికి కూడా గీయొద్దన్నది. దానికి తోడు రంప మన్సబుదారు "చిగురుపన్ను" పేరుతో కల్లు మీద వసూళ్లు మొదలుపెట్టిండు. పోలీసుల జులుం, వ్యాపారుల అప్పులు, పోడు మీద ఆంక్షలు అన్నీ కలిసినయి. 1879 మార్చిలో తిరుగుబాటు లేచింది. భద్రాచలం, రేకపల్లి, గొలుగొండ దాకా పాకింది. అణచడానికి పోలీసులు చాలక సైన్యాన్ని దింపిండ్రు. నాయకులు చంద్రయ్య, తమ్మన్నదొర ఇద్దరూ 1880లో చనిపోయిండ్రు. చాలామందిని అండమానుకు పంపిండ్రు. మన్సబుదారీ కూడా రద్దయింది. స్కూల్ పుస్తకాల్లో రంప అంటే అల్లూరి సీతారామరాజు 1922 పోరాటమే గుర్తొస్తది. అంతకు 43 ఏళ్ల ముందే లేచిన ఈ తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం కల్లు పన్ను అని ఎంతమందికి తెలుసు?

బొంబాయి ప్రెసిడెన్సీ ఇంకో అడుగు ముందుకు పోయింది. 1878లో ఆబ్కారీ చట్టం, 1892లో ఏకంగా ఇప్పపువ్వు మీదనే చట్టం. ఠాణా, కొలాబా జిల్లాల్లో పువ్వు నిల్వ పెట్టుకోవడానికి, అమ్మడానికి ఆంక్షలు పెట్టిండ్రు. ఆలోచించండి: సారా కాదు, పువ్వు! చెట్టు నుంచి రాలిన తిండి ఇంట్లో ఉంటే అనుమానించే పరిస్థితి వచ్చింది.

మన నిజాం రాజ్యంలో కూడా ఆబ్కారీ ఖజానాకు ముఖ్యమైన ఆదాయమే. 1316 ఫసలీలో, అంటే 1906-07 కాలంలో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. రాష్ట్రాలు కలిసిన తర్వాత 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. తెలంగాణ వచ్చినంక అదే చట్టం పేరు మార్చుకొని నడుస్తున్నది. రాజులు పోయిండ్రు, సర్కార్లు మారినయి, లైసెన్సు లేకుండా సారా కాస్తే నేరం అనే మాట మాత్రం మారలేదు.

అయితే ఇక్కడ ఆగిపోతే సగం చరిత్రే చెప్పినట్టు. తాగుడు మన ఇండ్లను కూల్చిన మాట కూడా నిజం. దాన్ని మొదట గుర్తించింది కూడా ఆదివాసులే. 1922-23లో దక్షిణ గుజరాత్‌లో దేవి ఉద్యమం లేచింది. దేవి చెప్పిందని వేలమంది ఆదివాసులు సారా, కల్లు మానేసి, పార్శీ సారా వ్యాపారులను బహిష్కరించిండ్రు. మన మన్యంలో అల్లూరి కూడా తాగుడు మానమని ఊరూరా చెప్పిండు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్లు సారా దుకాణం మీదికి లేచిండ్రు. అది రాష్ట్రమంతా అంటుకొని 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టిండ్రు, 1997లో ఎత్తేసిండ్రు.

రంపలో గీసుకునే హక్కు కోసం కొట్లాడిండ్రు. గుజరాత్‌లో తాగం అని కొట్లాడిండ్రు. చూడటానికి రెండూ ఎదురెదురు లెక్క కనిపిస్తయి. కానీ రెండు చోట్లా ఎదురుగా ఉన్నది గుత్తేదారే. మా ఊర్లో ఏం కాచాలి, ఏం తాగాలి, ఎప్పుడు మానాలి అనేది మేము తేల్చుకుంటం, మీరు కాదు అన్నదే రెండింటి మాట.

చట్టం ఈ మాటను చాలా ఆలస్యంగా ఒప్పుకున్నది. 1970ల మధ్యలో కేంద్రం గిరిజన ప్రాంతాల్లో సారా వ్యాపారం ఆపి, సంప్రదాయ పానీయాలను ఇంటి వాడకానికి కాచుకోనియ్యమని రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. కానీ మద్యం రాష్ట్రాల చేతిలో ఉన్న విషయం, దాని మీద రాబడీ వాళ్లదే. 1996లో వచ్చిన పెసా చట్టం ఇంకా గట్టిది. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల నిషేధం, అమ్మకం, వాడకం మీద అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలన్నది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం కూడా అందులోనే ఉంది. మన దగ్గర నియమాలు రాయడానికి 2011 దాకా పట్టింది.

బయటి ప్రపంచం ఎట్ల ఉందో కూడా చూడండి. గోవాలో జీడిమామిడి పండ్లతో కాచే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు ఇచ్చిండ్రు. ఇప్పుడు టూరిస్టులు సీసాలు కొనుక్కొని పోతరు. హంగరీలో పండ్లతో కాచే పాలింకాను కుటుంబానికి 50 లీటర్ల దాకా పన్ను లేకుండా ఇంట్లో కాచుకోవచ్చని 2010లో చట్టం చేసిండ్రు. అది చెల్లదని 2014లో యూరప్ కోర్టు చెప్పింది. అక్కడ కూడా తగాదా పన్ను మీదనే. కానీ కాచుకునే రైతును దొంగ అని ఎవరూ అనలేదు.

ఇది చదివి రూములో కుండ పెట్టమని చెప్తలేను. చట్టం ఇప్పటికీ అట్లనే ఉంది, కేసు అయితే చదువు, ఉద్యోగం రెండూ పోతయి. నేను అడిగేది రెండే. ఒకటి, ఇప్పపువ్వు చూసి ఎవరన్నా నవ్వితే తల దించుకోవద్దు, ఈ చరిత్ర చెప్పండి. రెండు, సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ గ్రామసభ చివరిసారి ఎప్పుడు కూసుందో, మద్యం దుకాణం గురించి, బెల్టుషాపు గురించి ఏం తీర్మానం చేసిందో అడగండి. ముఖ్యంగా అమ్మలను, అక్కలను అడగండి. ఊర్లో సారా ఉండాలా వద్దా అనే మాటలో మొదటి హక్కు వాళ్లదే.

మీ గూడెంలో, మీ తండాలో ఆబ్కారీ వాళ్ల గురించి పెద్దలు చెప్పిన ముచ్చట్లు ఉంటే కింద రాయండి. పుస్తకాల్లో లేని చరిత్ర వాళ్ల దగ్గరనే ఉంది.

జోహార్ రంప వీరులకు. జోహార్ కొమురం భీం.